కోతయంత్రము వెనుక రాలిన గింజ

కల్లమన్నంతనే పల్లెలో పెరిగిన పెద్దల మనస్సునకు స్ఫురించు దృశ్యమొకటి కలదు. పేడతో అలికిన నేల, నడుమ పాతిన రాట, రాట చుట్టును బంతి కట్టిన ఎడ్లు, వాటి కాళ్లక్రింద పరచిన పనలు, గాలి వీచు వేళకై ఎదురుచూచుచు చేట చేతబట్టి ఎత్తుపీటపై నిలిచిన మనిషి. కోత ఒకనాటి పని. కుప్ప వేయుట మరొకనాటి పని. నూర్పు ఇంకొకనాటి పని. తూర్పారపట్టుట గాలి దయపై ఆధారపడిన పని. పైరు పండుటకును, గింజ గాదెకు చేరుటకును నడుమ వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు గడచెడివి.

నేడు ఆ పనులన్నియు ఒక్క యంత్రము కడుపులో, నిమిషమైనను పట్టక, ముగియుచున్నవి. ఒక ప్రక్క పైరు లోనికి పోవును. వెనుక గడ్డి పడును. పైనున్న తొట్టిలో ధాన్యము నిండును. కంబైన్ హార్వెస్టరు అని దాని పేరు. పల్లెజనులు కోత మిషను అందురు. కోతను, నూర్పును, తూర్పారను కలిపినది గనుక పాశ్చాత్యులు దానికి 'కలిపినది' అను అర్థము వచ్చు పేరు పెట్టిరి.

ఈ యంత్రమును క్రొత్తదిగా కొనుట అందరికి సాధ్యమగు పని కాదు. అందుచేత కొన్నియేండ్లు పనిచేసిన పాత యంత్రమును కొని, బాగుచేసికొని, తన పొలము కోసికొనుటయే గాక ఇరుగుపొరుగు పొలములను గంటల లెక్కన కోసి అప్పు తీర్చుకొందమని ఆశించువారు కలరు. వారి బ్రతుకు ఆ యంత్రముపై ఆధారపడును. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. బాడుగకు యంత్రమును పిలిచిన చిన్నరైతు ఏడాది కష్టమంతయు ఒక్క గంటలో ఆ యంత్రముగుండ పోవును. అది సరిగా అమర్చినదైనచో గింజ తొట్టిలో పడును; కానిచో గడ్డిక్రింద నేలలో పడును. నేలలో పడిన గింజ ఎవరికిని కనబడదు. కనుకనే పాత యంత్రమును ఎన్నుకొను విధము, సవరించు విధము, కాపాడుకొను విధము కేవలము మరమ్మతుదారుల విషయములు కావు; తిండిగింజల విషయములు.

యంత్రము పుట్టుక

ఈ పనులను ఒక్కటిగా కూర్చుటకు మానవుడు చిరకాలము ప్రయాసపడెను. స్కాట్లండులో 1826 ప్రాంతమున పాట్రిక్ బెల్ అను యువకుడు, తరువాతి కాలమున మతాచార్యుడైనవాడు, గుర్రములు వెనుకనుండి నెట్టు కోతయంత్రమును నిర్మించెను. అమెరికాలో సైరస్ మెకార్మిక్ తన కోతయంత్రమునకు 1834లో పేటెంటు పొందెను. ఇవి కోయుటకు మాత్రమే పనికివచ్చినవి. కోతను, నూర్పును ఒకే బండిపై కలిపిన ఘనత మిషిగన్ రాష్ట్రవాసి హైరం మూర్‌ది. 1830-40 దశకమున ఆయన నిర్మించిన యంత్రమును లాగుటకు ఇంచుమించు ఇరువది గుర్రములు కావలసివచ్చెను.

మిషిగన్ వాతావరణమున తేమ ఎక్కువ. గింజ ఆరకముందే నూర్చుటచే ఆ యంత్రమునకు అక్కడ ఆదరణ లభింపలేదు. 1854లో అట్టి యంత్రమొకటి ఎండపొడి గల కాలిఫోర్నియాకు ఓడపై చేరి, అచ్చట వందల ఎకరములు కోసెను. యంత్రము గొప్పదనము ఇనుములో మాత్రమే లేదు, గింజలోని తేమను గుర్తెరిగి నడుపుటలో కూడ ఉన్నదని ఆనాడే తేలినది.

గుర్రములు పోయి ట్రాక్టర్లు వచ్చెను. పిమ్మట తన యంజనుతో తానే నడచు కంబైను వచ్చెను. కెనడాకు చెందిన మాసీ హారిస్ సంస్థలో ఆస్ట్రేలియా దేశీయుడైన టామ్ కారోల్ అను ఇంజనీరు 1938లో అట్టి యంత్రమును రూపొందించెను. తరువాత దానికంటె తేలికయైన 21వ నంబరు యంత్రము వెలువడెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇనుము కొరత తీవ్రముగా ఉండగా, 1944లో ఆ సంస్థ అదనముగా 500 యంత్రములు నిర్మించుటకు అమెరికా ప్రభుత్వమునుండి అనుమతి సంపాదించెను. కొన్న ప్రతివాడును కనీసము 2,000 ఎకరములు కోయవలెనని నిబంధన. దక్షిణమున గోధుమ పండినది మొదలు కెనడా సరిహద్దువరకు, పంట పండినకొలది ఉత్తరమునకు జరుగుచు, ఆ యంత్రములు 10 లక్షల ఎకరములకు పైగా కోసినవి. దానికి 'కోతల దళము' అని పేరు వచ్చెను.

ఆ సంచారవృత్తియే నేడు మన దేశమునను కనబడుచున్నది. పంజాబ్ ట్రాక్టర్స్ సంస్థ 1980లో స్వరాజ్ 8100 అను స్వదేశీ కంబైనును ప్రవేశపెట్టెను. పిదప పంజాబులోని నాభా, భాద్సన్ వంటి ఊళ్లు ఈ యంత్రముల తయారీకి కేంద్రములైనవి. అచ్చటి కోతలు ముగియగానే యంత్రములు రాష్ట్రములు దాటి పంట పండిన చోటికెల్ల సాగిపోవును. తెలంగాణకును, ఆంధ్రకును వచ్చును. ఏండ్ల తరబడి అట్లు తిరిగిన యంత్రములలో కొన్ని తుదకు ఇచ్చటనే అమ్ముడుపోవును. ఆరిన నేలలో టైరు బండియు, బురద వదలని మాగాణిలో చైను బండియు పనికివచ్చును. కొనువాడు మొదట తన నేలను తలచుకొనవలెను; పిదప యంత్రమును చూడవలెను.

ఒక వెన్ను ప్రయాణము

యంత్రమును సవరింపదలచినవాడు ముందుగా ఒక్క వరివెన్నుతోపాటు మనస్సులో దాని లోపలికి ప్రయాణము చేయవలెను. ముందుభాగమున తిరుగు చక్రము వంటి రీలు వెన్నును మెల్లగా వంచి కత్తులమీదికి తెచ్చును. కత్తెరవలె అటునిటు కదలు బ్లేడ్లు దంటును తెగకోయును. అడ్డముగా తిరుగు మరచుట్టు, అనగా ఆగరు, కోసిన పైరును నడుమకు చేర్చును. చైనుకు బిగించిన పట్టీలు దానిని పైకి లాగి డ్రమ్మునకు అందించును.

నూర్పు జరుగు చోటు ఈ డ్రమ్మే. గోధుమకు గరుకుపట్టీలు గల డ్రమ్మును, వరికి సాధారణముగా ఇనుపపండ్లు గల డ్రమ్మును వాడుదురు. డ్రమ్ము క్రింద చెలగవలె వంగిన ఇనుపజల్లి ఉండును. దానిని కాన్‌కేవ్ అందురు. డ్రమ్మునకు, జల్లికి నడుమనున్న ఇరుకుసందులో వెన్ను రాపిడిపడి గింజలు రాలును. 60 సెంటీమీటర్ల వ్యాసము గల డ్రమ్ము నిమిషమునకు 600 మారులు తిరిగినచో దాని అంచు గంటకు 68 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. ఈ లెక్కను విద్యార్థులు స్వయముగా చేసి చూచుకొనవచ్చును. ఎద్దుల గిట్టలు గంటలతరబడి చేసిన పనిని ఆ వేగము రెప్పపాటులో చేయును. గతి తప్పినచో గింజను నూక చేయును.

రాలిన గింజలో అధికభాగము జల్లిగుండ క్రిందికి జారును. గడ్డిలో చిక్కుకొన్న తక్కిన గింజలను విదలించుటకు వెనుక పొడవైన పలకలు ఉండును. అవి నడచు మనిషి అడుగులవలె ఒకదాని వెనుక ఒకటి లేచుచు పడుచు గడ్డిని కుదుపును. క్రింద రెండంతస్తుల జల్లెడలు ఊగుచుండును. వాటిక్రిందినుండి ఫ్యాను గాలి విసరును. తాలు, పొట్టు, గడ్డినలుసులు వెనుకకు ఎగిరిపోవును. గట్టిగింజ క్రిందికి దిగి ఎలివేటరు ద్వారా తొట్టికి చేరును. సగము నూరిన కంకులు మాత్రము వేరొక ఎలివేటరుగుండ మరల డ్రమ్మునకు పోవును. పరికించి చూచినచో రాట, ఎడ్లు, చేట, గాలి అన్నియు ఇందులో ఉన్నవి. రూపము మాత్రమే మారినది.

కొనునప్పుడు

సంతలో ఎద్దును కొనువాడు పండ్లు చూచును, సుడి చూచును, గిట్టలు తడవి చూచును, కొంతదూరము నడిపించి చూచును. పాత యంత్రమును కొనువానికిని ఆ నేర్పే కావలెను. క్రొత్తగా పూసిన రంగును చూచి మురియరాదు. పైన పటారము, లోన లొటారము అను సామెత ఈ బేరమునకు చక్కగా అతుకును. క్రొత్తరంగు పాత అతుకులను, తుప్పును కప్పిపుచ్చును. గంటల మీటరును పూర్తిగా నమ్మరాదు. మీటరును మార్చవచ్చును గాని అరిగిన ఇనుమును దాచుట కష్టము.

మొదట డ్రమ్ము మూతను తీయించి పండ్లను చూడవలెను. ముందువైపు అంచులు గుండ్రముగా అరిగియున్నచో ఆ డ్రమ్ము ఎన్నో పంటలు నూరినదని అర్థము. పండ్లు వంగినను, విరిగినను ఏదో రాయియో ఇనుపముక్కయో లోనికి పోయినదని గ్రహింపవలెను. అప్పుడు జల్లి కూడ వంగియుండవచ్చును. పిదప పైరును పైకి లాగు చైనును, దాని పట్టీలను చూడవలెను. ఆగరు రేకుల అంచు కత్తివలె పలుచబడినదేమో వ్రేలితో తడవి తెలిసికొనవలెను. ఎలివేటర్ల అడుగుమూతలను తప్పక తెరువవలెను. ధాన్యమును, తేమయు నిలుచు చోటు అదియే గనుక తుప్పు అచ్చటనే మొదలగును. కుదుపు పలకల ఇరుసులను చేతితో కదిపి వదులు చూడవలెను. జల్లెడల రెక్కలు అన్నియు ఒక్కరీతిగా తెరుచుకొనుచున్నవో లేదో పరిశీలింపవలెను.

ఇంతయు చూచిన పిమ్మట యంజనును నడిపించి చూడవలెను. అమ్మువాడు ముందే వేడిచేసి ఉంచిన యంజను తేలికగా మేలుకొనును. చల్లని యంజనును ఉదయమున మేలుకొలుపుట నిజమైన పరీక్ష. పొగ రంగును, నూనె కారుటను గమనింపవలెను. తరువాత లోని చక్రములన్నియు పూర్తివేగముతో కొంతసేపు ఖాళీగా తిరుగనిచ్చి చెవియొగ్గి వినవలెను. యంజనును ఆపి, అన్నియు పూర్తిగా నిలిచిన పిదప, బేరింగుల దగ్గర చేయి చేర్చి చూచినచో పాడైనది వేడివలన తనంతట తానే పట్టుబడును. వీలైనచో పొలములో ఒక చాలు కోయించి చూచుట అన్నిటికంటె ఉత్తమము.

విడిభాగములు సమీపపట్టణములో దొరకునా? ఆ యంత్రము నెరిగిన మరమ్మతుదారు పిలిచిన పలుకునా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేనిచో ఎంత చౌకగా వచ్చిన యంత్రమైనను ఖరీదైనదే యగును. నడికోతలో ఒక బేరింగు విరిగి మూడు దినములు ఆగినయెడల నష్టము బేరింగు ధరతో పోదు; ఆకాశమున మేఘము కమ్మినచో దానికి లెక్కయే ఉండదు. రిజిస్ట్రేషను కాగితములు, పాత అప్పు తీరినట్టి పత్రము చేతికి రాకుండ సొమ్ము చెల్లించుట అవివేకము.

సవరణ విద్య

యంత్రమును సవరించుటలో మొదటి సూత్రము ఓర్పు. ఒకసారి ఒక్కదానినే మార్చవలెను. మార్చిన పిదప కొంతదూరము కోసి ఫలితము చూడవలెను. నాలుగింటిని ఒక్కమారే మార్చినవాడు దేనివలన మేలు జరిగినదో, దేనివలన కీడు జరిగినదో ఎన్నటికిని తెలిసికొనలేడు. ఇది ప్రయోగశాలలో ఉపాధ్యాయుడు శిష్యులకు నేర్పు నియమమే.

రెండవ సూత్రము యంజను వేగమును తగ్గింపకుండుట. డ్రమ్ము, ఫ్యాను, జల్లెడ అన్నియు యంజను వేగముపై ఆధారపడి తిరుగును. పైరు దట్టముగా ఉన్నదని యాక్సిలరేటరు తగ్గించినచో నూర్పు తగ్గును, గాలి తగ్గును, జల్లెడ మందగించును. బండి నడకను గేరుతో తగ్గింపవలెనే గాని యంజనును నీరసపరుపరాదు. అనుభవము లేని డ్రైవర్లు తరచుగా చేయు తప్పు ఇదియే.

పొట్టి పైరు, ఎత్తు పైరు, పడిపోయిన పైరు అనునవి రీలునకు వేర్వేరు సమస్యలు. రీలు అంచు బండి నడకకంటె కొంచెము మాత్రమే వేగముగా తిరుగవలెను. ఎక్కువ వేగమైనచో వెన్నులను కొట్టి గింజలను నేలపై రాల్చును. తక్కువైనచో కోసిన పైరును ముందుకు త్రోయును. పడిపోయిన పైరునకు రీలును ముందుకు, క్రిందికి దింపి, మెల్లగా నడుపవలెను.

డ్రమ్ము విషయమున వైద్యుని న్యాయము పాటింపవలెను. రోగము కుదురుటకు చాలినంత మందు మాత్రమే ఇయ్యవలెను. వెనుకపడిన గడ్డిలో వెన్నులకు గింజలు అంటియున్నచో జల్లిసందును కొంచెము ఇరుకు చేయవలెను. అప్పటికిని చాలనిచో డ్రమ్ము వేగమును కొలదిగా పెంచవలెను. తొట్టిలో నూకలు, పొట్టు ఒలిచిన బియ్యము కనబడినచో వేగమును తగ్గింపవలెను. నూకలన్నియు డ్రమ్ము దోషము కావు. క్రింది జల్లెడ మరీ మూసియున్నచో మంచిగింజ కూడ మరల మరల డ్రమ్మునకు తిరిగిపోయి విరుగును. తిరిగిపోవుదానిని ఒక పిడికెడు తీసి చూచినచో నిజము తెలియును: అందులో శుభ్రమైన గింజలే నిండియున్నచో తప్పు జల్లెడది.

గాలికి కూడ కొలత కావలెను. చేటతో తూర్పారపట్టు స్త్రీ గాలివాటమును బట్టి చేటను ఎత్తును, దింపును. ఫ్యాను అట్టిదే. గాలి చాలనిచో పొట్టు, నలుసులు జల్లెడపై చాపవలె పేరుకొనును. గింజ దానిపై తేలుచు వెనుకకు పోయి నేలపాలగును. వెనుక గింజ పడుచున్నదని గాలిని ఇంకను తగ్గించువారు కలరు. అప్పుడు నష్టము హెచ్చునే గాని తగ్గదు. గాలి మితిమీరినచో గట్టిగింజయు ఎగిరిపోవును. ఏది కారణమో తెలిసికొనుటకు యంత్రమును నిలిపి జల్లెడపై నేమున్నదో చూడవలెను, ఊహపై ఆధారపడరాదు.

వీటన్నిటికి మూలము తేమ. వేకువను మంచు పట్టిన పైరు పొలుసువలె సాగును; నడిమధ్యాహ్నము పొడియై విరుగును. ఉదయము సరిపోయిన సవరణ మధ్యాహ్నమునకు సరిపోదు. మరీ పచ్చిగా కోసినచో నూర్పు చెడుటయే గాక ధాన్యము రాశిలో వేడెక్కును. ప్రభుత్వపు కొనుగోలులో ధాన్యమునకు 17 శాతము తేమ పరిమితి. యంత్రపుకోత వేగముగా ముగిసినను ఎండబెట్టుట అను పాతపని రైతును విడువలేదు. రోడ్ల ప్రక్కన పరచిన ధాన్యమే అందులకు సాక్ష్యము.

గింజల లెక్క

యంత్రము సరిగా ఉన్నదో లేదో చెప్పుటకు డ్రైవరు మాట చాలదు, యజమాని మాట చాలదు. నేల చెప్పవలెను. ఆ సాక్ష్యమును వినుటకు కావలసినది నాలుగు వెదురుబద్దలు మాత్రమే. వాటితో ఒక్కొక్క ప్రక్క ఒక మీటరు ఉండు చదరపుచట్రము కట్టవలెను. పల్లెబడిలోని పిల్లలు సైతము చేయదగిన లెక్క ఇది.

కోయని పైరు మొదళ్లలో చట్రముంచి చూడగా 40 గింజలు ఉన్నవనుకొందము. అవి తమంతట రాలినవి. యంత్రమునకు సంబంధము లేదు. పిదప యంత్రమును ఆపి కొంత వెనుకకు నడిపించి, కత్తులు కోసినను వెనుకగడ్డి ఇంకను పడని చోట చూడగా 100 ఉన్నవి. అనగా కత్తులు, రీలు రాల్చినవి 60. ఇక గడ్డివరుసక్రింద చూడగా 1,900 కనబడినవి. అన్నిటిని లెక్కించు ఓపిక లేనిచో చట్రములో నాల్గవవంతు లెక్కించి నాలుగుచే గుణింపవచ్చును. ఇందులో 100 తీసివేయగా 1,800. అయితే యంత్రము 4.2 మీటర్ల వెడల్పున కోసిన పైరును వెనుక 1.4 మీటర్ల వెడల్పుననే విడుచుచున్నదనుకొన్నచో, మూడు చదరముల నష్టము ఒక్క చదరములో పడినదన్నమాట. కనుక 1,800ను మూడుచే భాగింపగా 600. ముందు 60, వెనుక 600, మొత్తము 660.

వెయ్యి వడ్లగింజలు 20 గ్రాములు తూగుననుకొన్నచో 660 గింజలు 13.2 గ్రాములు. ఎకరమునకు ఇంచుమించు 4,047 చదరపు మీటర్లు గనుక నష్టము ఎకరమునకు 53 కిలోలు. జల్లెడను, గాలిని సవరించిన పిదప వెనుకనష్టము 600 నుండి 80కి దిగినదనుకొందము. అప్పుడు మొత్తము 140 గింజలు. ఎకరమునకు 11 కిలోలు. మిగిలినది 42 కిలోలు. ఒక యంత్రము పంటకాలములో 300 ఎకరములు కోసినచో మిగులు 12,600 కిలోలు. అరగంట ఓపికకు భూమి ఇచ్చిన జీతమది.

ఈ లెక్కలో ఒక ధర్మసూక్ష్మము కలదు. గంటల చొప్పున బాడుగ తీసికొను యజమానికి ఆ 42 కిలోలు దక్కవు. పొలము రైతుది గనుక నష్టమును రైతుదే. త్వరగా కోయుమని తొందరపెట్టువాడును ఒక్కొక్కప్పుడు రైతే. గంట గడచినకొద్ది బాడుగ పెరుగునని అతని భయము. అతడు పదినిమిషముల బాడుగను మిగుల్చుకొని బస్తాడు ధాన్యమును పోగొట్టుకొనుట కలదు. చట్రము చేతబట్టిన పిల్లవాడొకడు గట్టున నిలిచినచో ఇరువురికిని మేలు జరుగును.

నూనెయు, ధూళియు

పాత యంత్రమునకు ఆయువు పోయునది పెద్ద మరమ్మతు కాదు. నిత్యము చేయు చిన్నసేవ. ఉదయము పని ఆరంభింపకముందు గ్రీజు వేయవలసిన చోట్లన్నిటికి వేయవలెను. చోట్లను ఒక పలకపై వ్రాసికొని వరుసగా గుర్తుపెట్టుట మంచిది; మరచినచోటే విరుగును. గ్రీజు వేయుటకు ముందు మూతినంటిన మట్టిని తుడువకున్నచో ఆ మట్టియే లోనికి పోయి ఇనుమును అరగదీయును. బెల్టులు వదులైనచో జారి వేడెక్కి కాలును. మరీ బిగిసినచో బేరింగులను తినును. చైనులకును అదే న్యాయము.

సాయంత్రము ధూళిని, గడ్డినలుసును దులుపవలెను. రేడియేటరు జల్లెడపై పొట్టు పేరుకొన్నచో యంజను ఉడుకును. సైలెన్సరు ప్రక్కను, వేడెక్కిన బేరింగు ప్రక్కను నిలిచిన ఎండుగడ్డి నిప్పునకు ఆహ్వానము. ఒక గొట్టములోని నిప్పు యంత్రముతో ఆగదు, చేనంతటికి ప్రాకును. మంటలార్పు పరికరము బండిపై ఉండుట విలాసము కాదు.

కోతలు ముగిసిన మరునాడు యంత్రమును చెట్టుక్రింద విడిచి మరల కోతలనాడు తలచుకొనువారు అనేకులు. లోన మిగిలిన గింజలకై ఎలుకలు చేరును. గూళ్లు కట్టి తీగలను కొరుకును. వాన తడిసిన పొట్టు ఇనుమును తుప్పుపట్టించును. కనుక మూతలన్నిటిని తెరచి, ఖాళీగా నడిపి, ఊడ్చి, కడిగి, ఆరబెట్టి, మెరుగుభాగములకు నూనె పూసి, బెల్టులను వదులుచేసి, నీడను నిలుపవలెను. ఊడ్చుటలో వేరొక మేలును కలదు: ఒకరి పొలములోని కలుపువిత్తులు, కేళీలు మరొకరి పొలమునకు పోకుండును. విత్తనపు పంటను కోయువారు దీనిని మరువరాదు.

ప్రాణము ముందు

అన్ని సవరణలకంటె ముందున్న నియమమొకటి కలదు. నడచుచున్న యంత్రములో చేయి పెట్టరాదు. పైరు చిక్కుకొన్నప్పుడు యంజనును ఆపి, తాళము చెవి జేబులో వేసికొని, చక్రములన్నియు నిలిచిన పిమ్మటనే మూత తీయవలెను. యంజను ఆగినను డ్రమ్ము తన బరువుతో మరికొంతసేపు తిరుగుచుండును. కత్తులభాగమును పైకెత్తి దానిక్రింద దూరవలసివచ్చినచో ఆపుకమ్మి తప్పక వేయవలెను; నూనెగొట్టము ఏ క్షణమున పగులునో ఎవరెరుగుదురు? పొలములమీద వ్రేలాడు విద్యుత్తీగలను, ముందుగానే చూచుకొనవలెను. వేడుక చూచుటకు వెంటబడు పిల్లలను గట్టుమీద నిలుపవలెను. అరిగిన పంటిని మార్చవచ్చును, పోయిన చేతిని మార్చలేము.

పాతకాలపు కోతలలో ఒక మర్యాద ఉండెడిది. కోత ముగిసిన చేనిలో రాలిన కంకులు పేదలవి. స్త్రీలును, పిల్లలును పరిగె ఏరుకొని కొన్నినాళ్ల గ్రాసము కూర్చుకొనెడివారు. రైతు దానిని నష్టముగా ఎంచెడివాడు కాడు. యంత్రము వచ్చిన పిమ్మట పరిగె పోయినది. యంత్రము వెనుక రాలునది కంకి కాదు, విడిగింజ. గడ్డిక్రింద దుమ్ములో కలసిన విడిగింజలను ఏరుట ఎవరి తరము? అది పేదకు దక్కదు, రైతుకు దక్కదు. పక్షులు తినగా మిగిలినది మొలకెత్తి తరువాతి పంటలో కలుపగును.

యంత్రమును నిందించుట వలన ప్రయోజనము లేదు. కూలికి మనుష్యులు దొరకని కాలమున, వాన ముంచుకొని వచ్చువేళ, పంటను గట్టుకు చేర్చినది అదియే. కాని పరిగె ఏరు చేతులు పోయినప్పుడు, గింజ రాలకుండ చూచు బాధ్యత యంత్రమును నడుపు చేతులపై పడినది. పాత ఇనుమైనను సరే, రోజును నూనె వేసి, పొలమునకొకసారి దిగి, మోకాళ్లపై వంగి, గడ్డిని తొలగించి గింజలను లెక్కించువాని యంత్రమే మంచి యంత్రము. నేలపై వంగి చూచుట సేద్యగానికి తాతలనాటి అలవాటు. ఎత్తైన డ్రైవరు పీట ఎక్కినంతమాత్రమున దానిని మరువరాదు.